ఇల్లంతటికీ ఒక్క ఫ్యాను

మా మామగారు రిటైరయ్యాక రాజ్‌కిశోర్ నగర్‌లో కట్టుకున్న ఇంటికి మొదట్లో పైన డాబా ఉండేది. వేసవి సాయంత్రాలు దాని మీద బకెట్లతో నీళ్లు చల్లి, అది ఆరాక చాపలు పరుచుకుని ఇంటిల్లిపాదీ అక్కడే పడుకునేవారట. నేను ఆ ఇంటి అల్లుణ్నయ్యాక, నా ఉద్యోగం కూడా బిలాస్‌పూర్‌లోనే స్థిరపడ్డాక, మా ఇద్దరి కోసం ఆ డాబా మీద రెండు గదులూ ఒక హాలూ లేచాయి. పైన రేకుల కప్పు, కింద తెల్లటి జిప్సం సీలింగు. రెంటికీ మధ్య మనిషి వంగి నడవగలిగినంత ఖాళీ. మేము దాన్ని అటక అనేవాళ్లం గాని అందులో ఒక్క సామానూ పెట్టలేదు. పెడితే కరిగిపోతుందేమోనన్నంత వేడి అక్కడ.

మే నెలలో ఆ వేడి సీలింగు దాటి మా మీదికి దిగేది. పొద్దు గూకాక బయట చల్లబడేది. వీధిలో జనం కుర్చీలు వేసుకుని కూర్చునేవారు. మా పైగదుల్లో మాత్రం గోడ మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టుండేది. కూలరు పెడితే గది ఉక్కగా తయారయ్యేది. ఏసీ ఒక్క పడకగదిలోనే ఉంది, ఆ చలికి మా అత్తగారికి కీళ్లు పట్టేసేవి. ఆవిడ పైకి వచ్చినప్పుడల్లా కొంగుతో విసురుకుంటూ అనేది ఒక్కటే మాట.

“బంగారంలాటి డాబా మింగీసి, దాని మీద పొయ్యి కట్టీసినారు.”

మా అత్తమామలది విజయనగరం వైపు నుంచి తరాల కిందట రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. మామగారు రైలు పెట్టెల్లో దీపాలూ ఫ్యాన్లూ బాగుచేసే షెడ్డులో పనిచేసి రిటైరయ్యారు. నాది కరీంనగర్ వైపు. బొగ్గు కంపెనీ ఆఫీసులో ఉద్యోగం. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయనా నేనూ ఒకరినొకరు నొప్పించుకున్నది లేదు. అలాగని మనసు విప్పి మాట్లాడుకున్నదీ లేదు. “అన్నం తిన్నావేటి బాబూ?” అని ఆయన అడుగుతారు. “తిన్న మావయ్యా” అని నేనంటాను. అక్కడితో ఆ పూటకి మాటలు సరి. ఆయన పేపరులోకి, నేను ఫోనులోకి.

ఆ మాటలు పెరిగింది ఒక ఫ్యాను వల్ల.

ఒక ఆదివారం ఆయన ఫోను పట్టుకుని మెట్లెక్కి పైకి వచ్చారు. మామూలుగా మోకాళ్ల నొప్పని పైకి రారు. ఏదో దేశంలో ఎవరో ఇంటి సీలింగుకి పెద్ద కన్నం పెట్టి అందులో ఫ్యాను బిగిస్తున్న వీడియో అది. ఆ భాష మా ఇద్దరికీ రాదు. కానీ ఆయన ప్రతి చోటా ఆపి నాకు వివరించారు.

“చూడు బాబూ. ఇది గాలి మన మీదికి విసరదు. ఇంట్లో గాలంతా పీల్చి అటకలోకి తోసేస్తాది. అటకలో ఉన్న వేడి గోడ కన్నాల్లోంచి బయటికి పోతాది. ఆ ఖాళీలోకి కిటికీల్లోంచి బయట చల్లగాలి తనంతట తానే వస్తాది. ఇల్లంతటికీ ఒక్కటే ఫ్యాను. అర్థమయిందేటి?”

“అయింది మావయ్యా. మరి పగలు?”

“పగలు ముట్టుకోకూడదు. బయట మన లోపలకన్నా చల్లగా ఉన్నప్పుడే. పొద్దు గూకినాక, మళ్లీ తెల్లారగట్ల. ఎండెక్కితే ఫ్యాను ఆపీసి కిటికీలు మూసీడవే.”

ఆయన ముఖంలో ఆ రోజు కనిపించిన ఉత్సాహం నేనెప్పుడూ చూడలేదు. నా భార్య వంటింట్లోంచి అంతా వింటూనే ఉంది. ఆవిడ ఇక్కడే ఒక స్కూల్లో సైన్సు చెబుతుంది. తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగించడం ఆవిడ అలవాటు.

“ఐడియా బాగుంది నాన్నా. కానీ అటక మీదికి మీరు ఎక్కరు. బస్, బాత్ ఖతమ్.”

“నాను ఎక్కకపోతే ఎవలు ఎక్కుతారు?”

ఇద్దరూ నా వైపు చూశారు.

మాకు కావలసిన సామాను తయారుగా దొరకలేదు. పెద్ద ఎగ్జాస్టు ఫ్యాను ఒకటి కొన్నాం. గోల చెయ్యకుండా నెమ్మదిగా తిరిగేది చూసి మరీ తీసుకున్నాం. దాన్ని మోసే ఇనుప చట్రాన్ని బెల్తరా దారిలో ఉన్న ఒక ఫ్యాబ్రికేషన్ దుకాణంలో చేయించాం. కింద చేతి వేళ్లు దూరకుండా జాలీ, ఫ్యాను ఆగగానే వాటంతట అవే వాలిపోయే రేకు రెక్కలు కూడా అక్కడే. దుకాణం వాళ్లు వచ్చి పైనే వెల్డింగు చేసి పోతామన్నారు. మామగారు ససేమిరా అన్నారు.

“అటకలో దుమ్ము, రేకుల కింద గాజు దూది, పాత వైర్లు. ఒక్క నిప్పురవ్వ పడితే చాలు. బోల్టులే బిగిద్దారి.”

ఫ్యాను స్థానం కూడా ఆయనే చూపించారు. లోపలి మెట్లు పైకి వచ్చి ముగిసే చోట, సరిగ్గా వాటి నెత్తిన. అక్కడైతే కింది ఇంటి గాలీ పై ఇంటి గాలీ రెండూ అందుతాయి. సీలింగు చట్రం తనని తాను మోసుకోవడమే ఎక్కువ కాబట్టి ఫ్యాను బరువు దాని మీద పడకూడదు. రేకుల్ని మోసే ఇనుప దూలాలకే వేలాడదీయాలి. దూలానికీ చట్రానికీ మధ్య రబ్బరు ముక్కలు వెయ్యాలి, లేకపోతే ఇల్లంతా వణుకుతుంది. నా భార్య ఒక కాగితం మీద ఏవో లెక్కలు వేసి, రెండు చివరి గోడల్లో ఉన్న చిన్న కన్నాలు సరిపోవని తేల్చింది. వచ్చిన గాలి వచ్చినట్టు పోవడానికి దారి లేకపోతే అటకలోని వేడీ దుమ్మూ తిరిగి మా నెత్తినే పడతాయి. మేస్త్రీ వచ్చి రెండు వైపులా గోడలో పెద్ద కిటికీలంత తెరిచి, వాన జల్లు లోపలికి కొట్టకుండా వాలు రెక్కలూ, పావురాలూ ఉడతలూ దూరకుండా జాలీ బిగించి పోయాడు.

ఇక నా వంతు. ఎండెక్కితే అటకలో మనిషి నిలవలేడు కాబట్టి తెల్లవారుతూనే మొదలుపెట్టాం. ముక్కుకి మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా, గ్లవ్స్. మామగారు కింద మెయిన్ ఆపేసి, డబ్బాకి తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకున్నారు. తర్వాత నా చేతికి టెస్టరు ఇచ్చారు.

“నాను ఆపినానని నువ్వు నమ్మకు. ముట్టుకునే ముందు నువ్వు చూసుకో. షెడ్డులో మాకదే నేర్పినారు.”

నిచ్చెన ఎక్కి, సీలింగులో కోసిన చదరపు కన్నంలోంచి తల దూర్చాను. తెల్లారగట్లే అయినా ఆవిరి ముఖానికి కొట్టింది. దూలం నుంచి దూలానికి పలకలు వేసి ఉన్నాయి. వాటి మీద పాక్కుంటూ పోయి చట్రాన్ని తాడుతో పైకి లాగాను. కింద నుంచి మామగారు ఒక్కొక్క బోల్టూ ఎటు తిప్పాలో చెబుతున్నారు. ఇంతలో వంటింట్లోంచి అత్తగారి గొంతు.

“కరెంటెప్పుడు ఇస్తారండీ? పచ్చడి రుబ్బుకోవాల.”

“మనిషి పైనున్నాడు. కరెంటు లేదు.”

“రెండు నిమిషాల పనండీ!”

“రెండు నిమిషాలా లేదు, అర నిమిషమూ లేదు. రోట్లో రుబ్బుకో.”

“రోలు మీ అమ్మగారు పోయినప్పుడే పక్కింటోళ్లకి ఇచ్చీసినారు!”

నవ్వు ఆపుకోలేక నా చేతిలోని పానా జారి సీలింగు మీద పడింది. చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉంది. అందుకుందామని కాలు పలక మీంచి పక్కకి మోపాను. టపీమని శబ్దం. కాలు మోకాలిదాకా కిందికి దిగిపోయింది. రెండు చేతులతో దూలాన్ని పట్టుకుని ఉండిపోయాను. తర్వాత హాల్లోంచి మామగారి గొంతు, చాలా నెమ్మదిగా.

“బాబూ, నీ కాలు కనిపిస్తంది.”

గీరుకుపోవడం తప్ప పెద్ద దెబ్బేమీ తగల్లేదు. కానీ నా భార్య ఆ పూటకి పని ఆపించేసింది. అత్తగారు నా కాలికి మందు రాస్తూ, ఫ్యానునీ, దాన్ని కనిపెట్టినవాణ్నీ, ఆ వీడియో తీసినవాణ్నీ వరసగా తిట్టింది. మామగారు సీలింగులోని ఆ రంధ్రం కింద నిలబడి పైకి చూస్తూ ఉన్నారు. పనే మానుకోమంటుందేమో కూతురు అని భయపడుతున్నారని నాకు అర్థమైంది.

“ఏం కాలే మావయ్యా,” అన్నాను. “నేనే పలక దాటిన.”

“ఇంకో రెండు పలకలు వెయ్యాల్సింది బాబూ. నాకు తోచలేదు.”

ఆ సాయంత్రం ఇద్దరం సర్కండా బజారుకి వెళ్లి వెడల్పాటి ప్లైవుడ్ ముక్కలు కొనుక్కొచ్చాం. దారిలో టీ తాగాం. ఆయన తన మొదటి డ్యూటీ గురించి చెప్పారు. కదలని పెట్టెలో ఫ్యాను కింద నిలబడి, అది తిరిగినప్పుడు వచ్చిన గాలికి ఏదో తానే పుట్టించినంత గర్వపడ్డారట. ఎవరికీ చెప్పుకోలేదట. నేను మా ఊరి నుంచి మొదటిసారి రైలు దిగి, ఈ ఊరి స్టేషనులో తెలుగు మాట వినబడేసరికి ఎంత ఊరట కలిగిందో చెప్పాను. ఇద్దరం ఇంటికి వెళ్లేసరికి ఆలస్యమైంది. “మీరిద్దరూ ఇంతసేపు ఏం మాట్లాడుకున్నారు?” అని నా భార్య నిజంగానే ఆశ్చర్యపోయింది.

తర్వాతి ఆదివారం అటక ఎక్కింది నేను కాదు, ఆవిడే. “మీకన్నా నేను తేలిక. నాకు పాకడం వచ్చు,” అని చీర మార్చుకుని పాత సల్వారు వేసుకుని, మాస్కు కట్టుకుని ఎక్కేసింది. నేను నిచ్చెన పట్టుకున్నాను. మామగారి సూచనలకి పైనుంచి “హా నాన్నా, దేఖ్ లియా నాన్నా” అని జవాబులు వస్తున్నాయి. ఫ్యానుకి మెయిన్ బోర్డు నుంచి విడిగా వైరు, విడిగా బ్రేకరు, ఎర్తు. అవి కాక, తుడవడానికి పైకి ఎక్కినవాళ్లు అక్కడికక్కడే ఆపుకునేలా ఫ్యాను పక్కనే ఇంకో స్విచ్చి. బోర్డు దగ్గర పనికి మాత్రం మామగారు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ని పిలిపించారు. “నా కళ్లు మునుపట్లా లేవు,” అన్నారు. ఆ మాట అనడానికి ఆయన ఏమీ నొచ్చుకోలేదు.

అంతా బిగించడం అయ్యేసరికి మధ్యాహ్నం. మామగారికి స్విచ్చి నొక్కాలని చెయ్యి ఊరుకోవడం లేదు. బయట ఎండ మండిపోతోంది, సాయంత్రం దాకా ఆగక తప్పదని ఆయనకే తెలుసు. పొద్దు వాలేదాకా మెట్ల మీద కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండిపోయారు.

పొద్దు గూకింది. బయట గాలి చల్లబడింది. నేను హాల్లో కిటికీ ఒకటి తెరిచాను. మామగారు మెట్ల దగ్గర స్విచ్చి నొక్కారు. పైన ఫ్యాను తిరగడం మొదలైంది. ఫ్యాను తిరగడం మొదలైంది. దూరంగా గూడ్సుబండి పోతున్నట్టు చప్పుడు. కిటికీ తెర గాలికి లేచి నా ముఖాన్ని కొట్టింది. “వస్తంది, వస్తంది!” అని మామగారు చిన్నపిల్లాడిలా అరిచారు. నేను మెట్ల దగ్గరికి వచ్చేసరికి, అదే ఊపులో హాలు తలుపు నా వెనక ధడేల్మని మూసుకుంది. మేము మెట్ల దగ్గర నిలబడి నవ్వుకున్నాం.

నవ్వు పూర్తి కాకముందే కింద నుంచి అత్తగారి కేక వినబడింది.

“ఓలమ్మో! మంట ఇటు తిరిగిపోనాది!”

మామగారి మోకాళ్ల నొప్పులు ఆ క్షణాన ఎక్కడికి పోయాయో తెలియదు. వెనక్కి తిరిగి ఫ్యాను స్విచ్చి ఆపేసి, నాకన్నా ముందు మెట్లు దిగారు. కింద స్నానాల గదిలో గోడకి గ్యాసు గీజరు ఉంది. వేసవిలో కూడా కాళ్లకి పోసుకోవడానికి అత్తగారికి ఒక బకెట్టు వేణ్నీళ్లు కావాలి. ఆవిడ గీజరు వెలిగించి గుమ్మం దగ్గర నిలబడి ఉండగా, లోపల ఉండాల్సిన నీలం మంట పసుపు నాలుకలా ముందుకి సాగి బయటికి వచ్చిందట. మేము వెళ్లేసరికి మళ్లీ లోపలికి తగ్గింది గాని, గీజరు ముందు రేకు మీద నల్లటి మసి చార ఉంది. మామగారు గ్యాసు కట్టేసి, అత్తగారిని చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లారు. నేను కింద ఇంట్లో కిటికీలూ తలుపులూ అన్నీ తెరిచాను.

అప్పుడు గాని విషయం బోధపడలేదు. దోమలకి భయపడి అత్తగారు రోజూ దీపాల వేళకే కింద కిటికీలన్నీ మూసేస్తుంది. పైన తెరిచిన ఒక్క కిటికీ ఉన్న హాలు తలుపు మూసుకుపోయింది. ఫ్యాను మాత్రం గాలి కావాలని గుంజుతూనే ఉంది. తలుపు సందులు తప్ప వేరే దారి లేక, గీజరు పొగ బయటికి పోయే గొట్టంలోంచే లోపలికి గాలి లాక్కుంది. పైకి పోవాల్సిన పొగ వెనక్కి ఇంట్లోకి మళ్లింది.

“మంట కనబడింది కాబట్టి సరిపోయింది,” అంది నా భార్య. ముఖం పాలిపోయింది. “కనబడకుండా ఆ పొగ ఒక్కటే గదిలో నిండితే? అమ్మ లోపల తలుపు వేసుకుని ఉంటే? ఆ పొగలోని విషవాయువుకి వాసన కూడా ఉండదు.”

పెరట్లో అత్తగారు బోర్లించిన బకెట్టు మీద కూర్చుని మంచినీళ్లు తాగింది. మామగారు ఆవిడ పక్కనే నేల మీద కూర్చున్నారు. కాసేపటికి ఆయనే అన్నారు.

“తీసీద్దారి. వొద్దు ఈ ఫ్యాను.”

నేను ఏదో అనబోయాను. అంతలో అత్తగారు గ్లాసు కింద పెట్టింది.

“ఫ్యానెందుకు తీస్తారండీ? గీజరు తియ్యండి.”

“ఏటీ?”

“గుమ్మం దగ్గర నా మీదికి ఎంత గాలి వచ్చిందో తెలుసునా మీకు? తలుపు సందులోంచే అంత గాలి వస్తే, కిటికీలు తీస్తే ఎంత వస్తాది? ఆ గీజరంటే నాకు మొదటి నుంచీ భయమే. కరెంటుది పెట్టీయండి.”

ఇన్నాళ్లూ ఫ్యానుని తిట్టిన మనిషి ఆవిడే మరి.

గీజరు ఆ వారంలోనే మార్చాం. కొత్తది వచ్చేదాకా ఫ్యాను బ్రేకరు దించి ఉంచాం. కిటికీలన్నింటికీ దోమల జాలీలు వేయించాం. తలుపులు గాలికి కొట్టుకోకుండా అయస్కాంతం పట్టీలు బిగించాం. వంటింట్లో స్టవ్ వెలుగుతుంటే ఫ్యాను వెయ్యకూడదని కూడా అనుకున్నాం. ఇక అత్తగారికి ఎవరూ అప్పజెప్పకుండానే ఒక డ్యూటీ వచ్చింది. పొద్దు గూకాక ఆవిడ ఇల్లంతా తిరిగి కింద రెండు కిటికీలూ పైన మూడూ తెరిచి, స్టవ్ చూసుకుని, పూజగదిలో అగరువత్తి ఆరిందో లేదో చూసుకుని, మెట్ల కింద నిలబడి, రైలుకి దారిచ్చినట్టు గట్టిగా “లైన్ క్లియర్!” అంటుంది. ఆ మాట వినబడందే మామగారు స్విచ్చి మీద చెయ్యి వెయ్యరు.

రెండోసారి వేసినప్పుడు కిటికీల దగ్గర హోరేమీ లేదు. ఒక మెత్తటి గాలి ఇంట్లోకి నడిచి వచ్చినట్టు వచ్చింది, అంతే. తెరలు నెమ్మదిగా లోపలికి వంగాయి. గోడల వేడి వెంటనే పోలేదు గాని, ఒంటి మీద చెమట ఆరింది. మేము అన్నాలు ముగించేసరికి సీలింగు కింద నిలబడి చూస్తే ఆ పెనం సెగ లేదు. మంచాలకి పక్కన చాపలు పరిచి అందరం పైనే కూర్చున్నాం. అత్తగారు గోడకి ఆనుకుని, “రైలు పెట్టెలో కిటికీ పక్క సీటు దొరికినట్టుంది,” అంది. మామగారు విననట్టే పేపరు తిప్పారు. ఆ పేజీ మాత్రం చాలాసేపు అలాగే ఉండిపోయింది.

ఫ్యాను అన్ని రోజులూ పనికి రాదు. ఆంధీ దుమారం లేచే సాయంత్రాలు వేస్తే వీధి దుమ్మంతా పక్కల మీదే. ఒక పెళ్లి ఊరేగింపు టపాకాయల పొగ మొత్తం మా ఇంట్లోకి వచ్చింది. వానాకాలం ఉక్కలో దాన్ని వేస్తే తడి గాలి లోపలికి వచ్చి ఉప్పు డబ్బా నీరు కారుతుంది. జాలీల మీద నల్లటి నుసి పేరుకుంటుంది, వారం వారం కడగాలి. చలికాలంలో రెక్కల సందుల్లోంచి చలి దిగకుండా, పైనుంచి థర్మకోల్ మూత పెట్టి బ్రేకరు దించేస్తాం. వేసవి రాగానే మూత తీశాకే బ్రేకరు ఎత్తాలని మామగారు ప్రతి ఏడూ గుర్తు చేస్తారు. ప్రతి ఏడూ మాకది ముందే గుర్తుంటుంది. అయినా చెప్పనిస్తాం.

ఈ మధ్య ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే, పక్కింట్లో ఎవరో చేపలు వేయిస్తున్న వాసన మెట్ల నిండా ఉంది. పైన చాప మీద మామగారు మామిడిపండ్లు కోస్తున్నారు. అత్తగారు ఏదో చెబుతూ చెబుతూ మాట మధ్యలోనే నిద్రపోయిందట. నుదుటి మీద తెల్లవెంట్రుకలు గాలికి కదులుతున్నాయి. నా భార్య పెదవి మీద వేలు పెట్టి నన్ను నెమ్మదిగా రమ్మంది.

“తిన్నావేటి బాబూ?” అన్నారు మామగారు గొంతు తగ్గించి.

“ఇంకా లేదు మావయ్యా.”

“అచ్ఛా, ఇలాగ కూచో,” అని టెంకె దగ్గరి ముక్క తాను ఉంచుకుని, కండపట్టిన చెంప ముక్క నా చేతిలో పెట్టారు.